రోజుకు పన్నెండు సెకన్లు: కీ వాచీకీ సెల్లు వాచీకీ మధ్య అసలు తేడాలు

బెంగళూరు మారతహళ్లిలోని మా ఆఫీసు క్యాంటీనులో కొద్ది నెలలుగా ఒక వాదన తెగకుండా నడుస్తోంది. పాతికేళ్లు నిండీ నిండని ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు తాతల నాటి హెచ్‌ఎంటీ కీ వాచీలను పెట్టెల అడుగు నుంచి వెతికి తీసో, నెట్‌లో కొనో చేతికి కట్టుకుని వస్తున్నారు. ఇవి గట్టివనీ, బ్యాటరీ సెల్లుతో నడిచే వాచీలు వాడి పారేసేవనీ, సెల్లు నేలకు చేటనీ, లోపల పదిహేడు రాళ్లున్న వాచీకి విలువ తగ్గదనీ వాళ్లు చెబుతున్నారు. రెండోపక్షం వాళ్లు ఫోను తెరకేసి చూపించి, మీ వాచీ నిమిషంన్నర ముందు నడుస్తోంది చూసుకోండి అంటున్నారు. నేను మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా కట్టుకుంటాను కనుక మొదటి పక్షం వాణ్నని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ పక్షం చెప్పే మాటల్లో సగం నిలవవు. నిలిచే సగం కూడా వాళ్లు చెప్పే కారణాలతో నిలవదు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, సమయం సరిగా చూపడం, ఎక్కువకాలం మన్నడం, ఖర్చు, చెత్త, వీటన్నిటితో సంబంధంలేని ఇష్టం అనే వేర్వేరు సంగతులను ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు.

లోపల జరిగేది: స్ప్రింగు, సెల్లు, వాటిని అదుపులో పెట్టేవి

ఏ గడియారానికైనా మూడు కావాలి. నడపడానికి శక్తి, ఆ శక్తిని సమాన భాగాలుగా కోసి ఇచ్చే ఒక లయ, ఆ భాగాలను లెక్కపెట్టి ముళ్లతో చూపే ఏర్పాటు. కీ వాచీలో శక్తి ఒక ఉక్కు పట్టీలో ఉంటుంది. మూత ఉన్న చిన్న డబ్బాలో చుట్టలుగా ఉండే ఆ పట్టీని మెయిన్ స్ప్రింగు అంటారు. పొద్దున్నే మనం కీ తిప్పినప్పుడు అది బిగుసుకుంటుంది, తరువాత ఒకటిన్నర రోజు పాటు మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తోస్తుంది. అడ్డు లేకపోతే ఆ చుట్టలు కొన్ని క్షణాల్లోనే బుర్రుమని విప్పుకుపోతాయి. అడ్డుపడేది చివరి చక్రం దగ్గరున్న కొక్కెం. మెట్రో గేటు ఒక్కో టోకెనుకు ఒక్కో మనిషిని వదిలినట్టు, ఆ కొక్కెం ఒక్కో ఊపుకు చక్రాన్ని అర పన్ను మేర మాత్రమే జరగనిస్తుంది. ఊపు ఎప్పుడు రావాలో నిర్ణయించేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని మరో స్ప్రింగుకు తగిలించిన ఈ చక్రం అటొకసారి ఇటొకసారి తిరుగుతూ ఉంటుంది. వాచీని చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే టిక్కుటిక్కులు కొక్కెమూ చక్రమూ ఢీకొనే చప్పుళ్లే.

జనతా వంటి వాచీలో ఈ ఊపులు గంటకు 18,000. అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000. కొక్కెం పట్టుకునే చక్రానికి సాధారణంగా 15 పళ్లు ఉంటాయి. ఒక్కో పన్నుకు రెండు ఊపులు కనుక 30 ఊపులకు అది ఒక చుట్టు తిరుగుతుంది, అంటే 6 సెకన్లకు ఒక చుట్టు. దాని వేగాన్ని పళ్ల లెక్కతో పదోవంతుకు దించితే నిమిషానికి ఒక చుట్టు తిరిగే సెకన్ల ముల్లు వచ్చేసింది. ఆ వేగాన్ని ఇంకో అరవయ్యోవంతుకు దించితే పెద్ద ముల్లు, అందులో పన్నెండోవంతుకు దించితే చిన్న ముల్లు. లెక్క మొత్తం పళ్లలోనే ఉంది, మూత తీసి ఓపికగా ఎంచితే ఎవరికైనా తెలుస్తుంది.

సెల్లు వాచీలో ఈ మూడు పనులూ వేరే వస్తువులు చేస్తాయి. శక్తి గుండీ అంత సెల్లులో ఉంటుంది. లయను ఇచ్చేది క్వార్ట్జ్ అనే స్ఫటికం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుగొన్నారు. దీనికి తిరుగుడు కూడా నిజమే, విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. వాచీలోని స్ఫటికాన్ని సంగీతంవాళ్లు శ్రుతి చూసుకునే రెండు కొనల కడ్డీ ఆకారంలో, సెకనుకు సరిగ్గా 32,768 సార్లు కంపించేటట్టు కోస్తారు. ఈ వింత సంఖ్య ఎందుకంటే, దాన్ని సగం చేస్తూ పోతే 16,384, 8,192, 4,096 అంటూ పదిహేనో మెట్టులో సరిగ్గా 1 వస్తుంది. సగం చేయడం ఎలక్ట్రానిక్ చిప్పుకు అన్నిటికన్నా సులువైన పని. అలా సెకనుకొకసారి వచ్చే చిన్న విద్యుత్ తోపు ఒక బుల్లి మోటారును అర చుట్టు తిప్పుతుంది, సెకన్ల ముల్లు ఒక అడుగు వేస్తుంది. కీ వాచీలో ముల్లు సెకనుకు 5 చిన్న అడుగులు వేయడం వల్ల జారుతున్నట్టు కనబడుతుంది, సెల్లు వాచీలో ఆగి ఆగి దూకుతుంది. దూరం నుంచి చూసి ఏది ఏదో చెప్పడానికి సాధారణంగా ఈ గుర్తు చాలు.

ఒక చిన్న సెల్లు అన్నేళ్లు ఎలా వస్తుందో కూడా లెక్క వేసి చూడవచ్చు. ముళ్ల వాచీల్లో ఎక్కువగా కనబడే చిన్న సిల్వర్ ఆక్సైడ్ సెల్లులో సుమారు 25 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. వాచీ సగటున ఒక మైక్రో ఆంపియరు వాడుకుంటుందనుకుందాం, అంటే మిల్లీ ఆంపియరులో వెయ్యోవంతు. అప్పుడు 25,000 గంటలు వస్తుంది. రోజుకు 24 గంటల చొప్పున భాగిస్తే 1,042 రోజులు, మూడేళ్లకు కాస్త తక్కువ.

సమయం ఎవరిది సరైనది: వారం రోజుల లెక్క

ఈ ఒక్క విషయంలో సందేహానికి చోటులేదు, సెల్లు వాచీదే పైచేయి. మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్లు అటో ఇటో తప్పుతుందని తయారీదార్లు చెబుతారు, అంటే రోజుకు అర సెకను. కీ వాచీల్లో మేలిరకాలకు స్విట్జర్లాండులో ఇచ్చే క్రోనోమీటర్ ధ్రువపత్రం కూడా రోజుకు 4 సెకన్లు వెనకపడటం నుంచి 6 సెకన్లు ముందు నడవడం దాకా ఒప్పుకుంటుంది. యాభై ఏళ్ల జనతాను ఆ కొలతతో కొలవడం న్యాయం కాదు.

అయినా నేను కొలిచాను. ఒక సోమవారం ఉదయం 7 గంటలకు ఫోనుతో సరిచేసి, కీ ఇచ్చి, రోజూ అదే వేళకు తేడా రాసుకున్నాను. మంగళవారం 12 సెకన్లు ముందుంది. బుధవారానికి 23, గురువారానికి 36, శుక్రవారానికి 48, శనివారానికి 59, ఆదివారానికి 71. ఆ ఆదివారం వాచీ కట్టుకోలేదు, రోజంతా బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. సోమవారం చూస్తే 98. ఆరు రోజులపాటు రోజుకు పన్నెండు చొప్పున నడిచిన వాచీ, విశ్రాంతి తీసుకున్న రోజున 27 సెకన్లు పరుగెత్తింది.

కీ వాచీ స్వభావం మొత్తం ఈ పట్టికలో ఉంది. వాచీ వెల్లకిలా ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఇరుసు తన కొన మీద బొంగరంలా నిలబడుతుంది, రాపిడి తక్కువ, ఊపు పెద్దది. చేతికి ఉండి నిలువుగా వేలాడినప్పుడు ఇరుసు పక్కకు ఒరిగి రాసుకుంటుంది, ఊపు చిన్నబోతుంది. ఊపు మారితే నడక మారుతుంది. స్ప్రింగు నిండుగా బిగిసి ఉన్నప్పటి నడకకూ, రేపో మాపో అయిపోతుందనగా ఉన్న నడకకూ మధ్య ఇలాంటి తేడాయే ఉంటుంది, అందుకే రోజూ ఒకే వేళకు కీ ఇవ్వమని పెద్దవాళ్లు చెప్పేవారు. ఎండ, చలి, దెబ్బ, స్పీకర్లలోనూ బ్యాగుల గుండీల్లోనూ ఉండే అయస్కాంతం, ఇవన్నీ దాని మీద పనిచేస్తాయి. సన్నని స్ప్రింగుకు అయస్కాంతం అంటి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటే వాచీ రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరుగెడుతుంది. చూసినవాళ్లు వాచీ చెడిపోయిందనుకుంటారు, చిన్న యంత్రంతో అయస్కాంతత్వం తీసేస్తే అరనిమిషంలో దారికొస్తుంది.

అయితే తప్పు ఎంత పెద్దదో కూడా చూడాలి. రోజుకు 86,400 సెకన్లు. అందులో 12 తప్పడమంటే 7,200లో ఒకటి తప్పడం. 72 మీటర్ల పొడవును కొలిచి ఒక్క సెంటీమీటరు తేడాతో చెప్పడం లాంటిది ఇది. వక్క పలుకంత చక్రం ఉక్కు బలంతో ఊగుతూ ఈపాటి కొలవడం చిన్న పని కాదు. అర సెకను తప్పే క్వార్ట్జ్ మాత్రం ఇదే లెక్కన 1,728 మీటర్లకు ఒక్క సెంటీమీటరు తప్పుతుంది. చిక్‌పేట సందులో నా వాచీ చూసే పెద్దాయన చేతికి కూడా సెల్లు వాచీయే ఉంటుంది. హిందూపురం నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చినాయన, నాతో తెలుగులోనూ పక్క దుకాణంతో కన్నడంలోనూ మాట్లాడతారు. అడిగితే, "పదిమంది వాచీలకు టైము పెట్టేవాడికి సరైన టైము ఒకటి చేతికి ఉండాల గదా సార్" అన్నారు.

పదిహేడు రాళ్లు, అతిగా కీ ఇవ్వడం: రెండు అపోహలు

జనతా డయలు మీద 17 జ్యువెల్స్ అని ఉంటుంది. అవి కెంపులే, కానీ కొలిమిలో చేసినవి. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపు పెంచే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వెర్న్యుయి 1902లో లోకానికి వెల్లడించాడు, అప్పటి నుంచి వాచీ రాళ్లకు నగల అంగడి విలువ లేదు. అవి అలంకారానికి కాదు, ఉక్కు ఇరుసు ఇత్తడి రంధ్రంలో తిరిగి అరిగిపోకుండా రంధ్రం చుట్టూ పెట్టిన గట్టి గాజుల్లాంటివి. పదిహేడుకు లెక్క ఉంది. బ్యాలెన్స్ ఇరుసు రెండు కొనలకు రంధ్రపు రాయి ఒకటి, మూత రాయి ఒకటి చొప్పున 4, దాని ఊపును కొక్కేనికి అందించే రాయి 1. కొక్కెం రెండు చివర్లకు 2, దాని ఇరుసుకు 2. ఆ తరువాతి నాలుగు చక్రాలకు రెండేసి చొప్పున 8. మొత్తం 17. ముళ్లు మాత్రమే ఉన్న మామూలు కీ వాచీకి ఇంతకు మించి పెద్దగా అవసరం లేదు. ఇరవై ఒకటో ఇరవై ఐదో ఉన్నంత మాత్రాన వాచీ గొప్పదైపోదు, చెయ్యి కదలికతో తనకు తానే బిగుసుకునే ఆటోమేటిక్ వాచీల్లో అదనపు చక్రాలుంటాయి కనుక రాళ్లూ ఎక్కువే ఉంటాయి.

అతిగా కీ ఇస్తే వాచీ పాడవుతుందన్నది మరో మాట. స్ప్రింగు నిండాక కీ తనంతట తానే గట్టిపడి ఆగుతుంది. అక్కడ మనమూ ఆగితే ఏ నష్టమూ లేదు, రోజూ నిండుగా ఇవ్వడమే దానికి మంచిది. ఈ భయం పాతకాలపు నీలి ఉక్కు స్ప్రింగుల నుంచి వచ్చింది, అవి తుప్పుకూ అలసటకూ ఉన్నట్టుండి తెగిపోయేవి, కీ ఇస్తున్నప్పుడే తెగేవి గనుక నింద ఇచ్చినవాడి మీద పడేది. ఆగిపోయిన వాచీని బాగుచేతకు ఇస్తూ, కీ ఎక్కువిచ్చానని చెప్పేవాళ్లు నేటికీ ఉన్నారు. స్ప్రింగు నిండా బిగిసి ఉండి కూడా వాచీ ఆగిందంటే చాలాసార్లు కారణం లోపల నూనె ఎండి జిగురైపోవడమే.

జాలహళ్లి నుంచి హోసూరు దాకా

ఈ వాదనకు బెంగళూరు కన్నా తగిన ఊరు మన దేశంలో లేదేమో. హెచ్‌ఎంటీ అని అందరూ పిలిచే హిందుస్థాన్ మెషిన్ టూల్స్‌ను 1953లో ఇక్కడే, జాలహళ్లిలో నెలకొల్పారు. 1961లో జపాను కంపెనీ సిటిజన్ సాంకేతిక సహకారంతో ఇక్కడి ఫ్యాక్టరీలో వాచీల తయారీ మొదలైంది, తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాజల్ వంటి పేర్లతో, చూపులేనివారు మూత తెరిచి ముళ్లను తడిమి తెలుసుకునే బ్రెయిలీ వాచీతో సహా, దేశంలో ప్రతి వర్గానికీ ఒక వాచీ ఇక్కడి నుంచి వెళ్లింది. మన ఊళ్లలో అల్లుడికి పెట్టవలసిన వాటిలో సైకిలు, రేడియోలతో పాటు వాచీ ఉండేదంటే అది చాలావరకు హెచ్‌ఎంటీయే. పదో తరగతి ప్యాసైన పిల్లవాడికీ, పదవీ విరమణ చేసిన మేష్టారికీ అదే బహుమతి.

ఈలోగా ప్రపంచంలో గాలి మారింది. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే పేరుతో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీని 4,50,000 యెన్లకు అమ్మకానికి పెట్టింది. పదేళ్లు తిరిగేసరికి చిప్పులు చవకై ఆ ధర మామూలు మనిషి జేబుకు దిగింది. స్విట్జర్లాండు వాచీ పరిశ్రమలో 1970లో సుమారు 90,000 మందికి పని ఉంటే, ఆ దశాబ్దంన్నరలో అది దాదాపు మూడోవంతుకు పడిపోయింది. మన దగ్గర 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్‌ను స్థాపించి, ఇక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో, నేటికీ ఇంటింటా తెలుగు వినిపించే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టి, ప్రధానంగా క్వార్ట్జ్ మీదే నిలబడ్డాయి. తుమకూరు ఫ్యాక్టరీలో క్వార్ట్జ్ చేసినా, హెచ్‌ఎంటీ బలమంతా కీ వాచీల్లోనే ఉండిపోయింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఈ చరిత్రను కీ వాచీ ఓటమిగా చెప్పడం వాడుక. సగమే నిజం. కొన్నవాళ్లు కీ వాచీని వదిలి సెల్లుకు మారినది సమయం కోసమే కాదు, పలచగా, రకరకాల రంగుల్లో, అద్దాల షోరూముల్లో అమ్మిన తీరు కోసం కూడా. స్విస్‌వాళ్లు తిరిగి లేచినదీ ఇలాగే. 1983లో స్వాచ్ అనే ప్లాస్టిక్ క్వార్ట్జ్ వాచీతో కింది బజారును పట్టుకుని, కీ వాచీని మాత్రం అవసరపు వస్తువుల జాబితా నుంచి తీసి విలాసాల జాబితాలో పెట్టి ఎన్నో రెట్ల ధరకు అమ్మారు.

ఖర్చూ చెత్తా: ఇరవై ఏళ్ల కాగితం లెక్క

సెల్లు మార్పించే ఖర్చు లేదు కనుక కీ వాచీ చవక అన్న మాట కాగితం మీద నిలవదు. ధరలు ఊరినిబట్టి, దుకాణాన్నిబట్టి మారతాయి కనుక ఊహించిన అంకెలతోనే చూద్దాం. సెల్లు మార్పుకు 150 రూపాయలు, రెండున్నరేళ్లకొకసారి అనుకుంటే ఇరవై ఏళ్లకు 8 సెల్లులు, 1,200 రూపాయలు. మధ్యలో ఒకసారి మిషను మొత్తం మార్చడానికి 600 వేసుకుంటే 1,800. కీ వాచీకి ఐదేళ్లకొకసారి విప్పి, కడిగి, నూనె వేసే సర్వీసు 1,000 అనుకుంటే నాలుగు సర్వీసులకు 4,000. ఒక భాగం మార్పుకు 500 కలిపితే 4,500. సర్వీసు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, వాళ్ల లెక్కలో కీ వాచీకి ఖర్చే లేదు. ఎండిన నూనెలో దుమ్ము కలిసి ఇరుసులను అరగదీయడం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

చెత్త సంగతి దీనికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. పైన చెప్పిన చిన్న సెల్లు బరువు సుమారు 0.4 గ్రాములు. ఇరవై ఏళ్ల 8 సెల్లులూ కలిపి తూచినా 3 గ్రాములకు కాస్త పైన అంతే. టీవీ రిమోట్‌లో వేసే ఒక్క పెన్సిల్ సెల్లు బరువే దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. పాత గుండీ సెల్లుల్లో కొద్దిగా పాదరసం ఉండేది, అందువల్ల పారేయడంలో జాగ్రత్త అవసరమన్న మాట నిజమే. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చిన్న సెల్లులను కూడా తిరిగి సేకరించే బాధ్యతను తయారీదార్ల మీదే పెట్టాయి. కానీ ఇంట్లో మూడు రిమోట్లు, ఏడాదికొక ఇయర్‌ఫోను ఉన్నవాడు సెల్లు నేలకు చేటని కీ వాచీ కట్టుకున్నాననడం, అరిసెల పళ్లెం ముందు కూర్చుని కాఫీలో చక్కెర వద్దన్నట్టుంటుంది.

సెల్లు వాచీకి నిజమైన ప్రమాదం సెల్లు కారడం. నా సొంత అనుభవం ఒకటుంది. మా ఆవిడ వాచీకి ఒక దుకాణంలో సిల్వర్ ఆక్సైడ్ సెల్లుకు బదులు అదే కొలతలో దొరికే చవక ఆల్కలైన్ సెల్లు వేశారు. అది ఆగిపోయాక సొరుగులో ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది. తెరిచి చూస్తే తెల్లని ఉప్పులాంటి పూత చిప్పునూ తీగ చుట్టనూ తినేసి ఉంది. ఆల్కలైన్ రకాలే ఎక్కువగా కారతాయి. కీ వాచీ సొరుగులో ఎనిమిది నెలలు పడుకుంటే కీ ఇచ్చిన నిమిషంలో లేస్తుంది, ఈ తేడా మాత్రం అసలైన తేడా.

ఫోను జేబులో ఉండగా వాచీ దేనికి

ఈ వాదనలో ఇరుపక్షాలూ దాటవేసే సంగతి ఒకటుంది. సమయం కోసం ఇప్పుడు రెండు వాచీలూ అక్కరలేదు. ఫోను నెట్‌వర్కు నుంచి తెచ్చుకునే సమయం ముందు కీ వాచీ ఎంతో, మామూలు సెల్లు వాచీ కూడా అంతే. రైలు దొరకడానికీ మీటింగు కలవడానికీ రెండూ సరిపోతాయి. కచ్చితత్వంలో గెలుపోటములకు బతుకులో విలువ పోయింది కనుక, వాచీని ఎంచుకునే కారణాలు వేరే చోట్ల నుంచి వస్తున్నాయి. వాటిని ఇష్టమని ఒప్పుకోవడానికి మొహమాటపడి, గట్టిదనమనీ పర్యావరణమనీ పేర్లు పెడుతున్నాం.

సెల్లు వైపువాళ్ల మాటలో న్యాయముంది. చూసుకోనక్కరలేని వస్తువే మంచి వస్తువని వాళ్లంటారు. నర్సుకో, బస్సు కండక్టరుకో, పరీక్ష హాల్లో ఫోను బయట పెట్టి వచ్చిన పిల్లవాడికో వాచీ మీద ధ్యాస పెట్టే తీరిక ఉండదు, మూడేళ్లపాటు తన పని తాను చేసుకుపోయేదే కావాలి. నీళ్లు పడినా, దెబ్బ తగిలినా అదే మెరుగు. నా జనతా వానలో తడిస్తే అద్దం లోపల ఆవిరి కమ్ముతుంది.

కీ వైపువాళ్ల మాటను వాళ్లకన్నా కాస్త బాగా చెప్పవచ్చని నాకనిపిస్తుంది. సెల్లు వాచీ చివరిరోజు దాకా సరిగా నడిచి, ఒకనాడు చటుక్కున ఆగుతుంది. కొన్నిటిలో ముల్లు నాలుగేసి సెకన్లకు ఒకసారి దూకి ముందుగా చెబుతుంది, చాలావాటిలో అదీ లేదు. కీ వాచీ నలత చేసిన మనిషిలా ముందు నుంచే చెబుతూ వస్తుంది. పన్నెండు సెకన్లు ఇరవై అవుతాయి, కీ ఇచ్చినా సాయంత్రానికే నీరసిస్తుంది, వెల్లకిలా పెడితే నడుస్తూ నిలబెడితే ఆగుతుంది. ఒక్కో లక్షణానికి ఒక్కో కారణం ఉంది, ఆ కారణాన్ని భూతద్దంలో కంటితో చూడవచ్చు. చిప్పు లోపల జరిగినది ఎవరికీ కనబడదు. నాకు కీ వాచీ నచ్చడానికి ఇదే కారణం, దానికి నేను వేరే పేరు పెట్టను.

పాతవి గట్టివన్న మాటలో పొరపాటు

పాత వాచీలన్నీ గట్టివి కావు. గట్టివే మిగిలాయి. యాభై ఏళ్ల కిందట ఒక వీధిలో కొన్న వాచీల్లో చెరువులో పడినవి, తాకట్టులో పోయినవి, తుప్పుపట్టి తూకానికి వేసినవి ఇవాళ మన కళ్లెదుట లేవు. పెట్టె అడుగున పట్టుగుడ్డలో చుట్టి దాచిన ఒకటి బయటపడి, అప్పటివన్నీ ఇలాగే ఉండేవన్న భ్రమ కలిగిస్తుంది. దీనికి తోడు నెట్‌లో కొత్తగా మెరుస్తూ తక్కువ ధరకు కనబడే హెచ్‌ఎంటీల్లో చాలావాటి డయళ్లు కొత్తగా రంగు వేసి అచ్చు కొట్టినవి, కేసు ఒకదానిది, మిషను మరొకదానిది. కంపెనీ ఎన్నడూ చేయని గులాబీ, చిలకపచ్చ రంగుల జనతాలు దొరుకుతాయి. అవి నడవవని కాదు, తాతల నాటి గట్టిదనానికి వాటిని సాక్ష్యంగా చూపలేమని.

బాగుచేయగలగడమే కీ వాచీ బలమన్న వాదన ఇంతకన్నా బలమైనది, కానీ అది వాచీలో ఉన్న గుణం కాదు. భాగాలు దొరికితేనూ, వేయగల చెయ్యి ఉంటేనూ అది బాగవుతుంది. ఆ దృష్టితో చూస్తే తూకం తలకిందులు కావచ్చు. హెచ్‌ఎంటీకి తొలి పాఠాలు చెప్పిన సిటిజన్ కంపెనీయే మియోటా అనే పేరుతో చేసే 2035 రకం క్వార్ట్జ్ మిషను లెక్కలేనన్ని బ్రాండ్ల వాచీల్లో ఉంటుంది, పాతది తీసి కొత్తది పెట్టడం పావుగంట పని. దాన్ని బాగుచేత అనడానికి పెద్దాయన ఒప్పుకోరు, "అది మార్చడం సార్, బాగుచేయడం గాదు" అంటారు. వాచీ మాత్రం నడుస్తుంది. జనతా వంటి పాత కీ వాచీకి కొత్త భాగాలు రావడం ఆగిపోయింది కనుక ఒకదాన్ని బతికించాలంటే ఇంకొకదాన్ని విప్పాలి.

వారం లెక్క రాసుకున్న నెలకే ఈ సంగతి నాకు స్వయంగా తెలిసింది. స్నానాల గదిలో వాచీ చేయిజారి గచ్చు మీద పడింది. కీ తిరుగుతోంది, కదలిక లేదు. పెద్దాయన కంటికి అద్దం బిగించి, మూత విప్పి, బ్యాలెన్స్‌ను పట్టకారుతో మెల్లగా తాకారు. అది ఊగకుండా ఒక పక్కకు ఒరిగింది. ఇరుసు కొన విరిగిందట, తల వెంట్రుకకు కాస్త లావుగా ఉండే కొన. ఆయన సొరుగులోంచి చిన్న చిన్న డబ్బీలున్న రేకు పెట్టె ఒకటి తీసి, ఒక్కో మూతా తెరిచి చూసి, జనతాకు సరిపోయేది లేదన్నారు. చేసి ఇవ్వగలిగినవాళ్లు ఈ వీధిలో ఇద్దరుండేవారనీ, ఇప్పుడు లేరనీ అన్నారు.

ఆదివారం బజారులో ముళ్లు లేని, అద్దం పగిలిన జనతా ఒకటి మూడు వందలకు దొరికింది. దాని బ్యాలెన్స్ మొత్తాన్ని తీసి నా వాచీలో అమర్చారు. ఇప్పుడది రోజుకు 4 సెకన్లు వెనకపడుతోంది. మిగిలిన చక్రాలను చిన్న పొట్లం కట్టి నా చేతికిస్తూ, పారేయవద్దన్నారు. మళ్లీ ఇరుసే విరిగితే ఏం చేయాలని అడిగాను.

"ఇంకో జనతా కనబడితే కొని పెట్టుకోండి సార్. ముళ్లు ల్యాకపోయినా పర్వాల్యా, బ్యాలెన్స్ ఊగుతాందా ల్యాదా చూసి తీసుకోండి."